మజ్జ తీసి వెన్నులో ఎక్కిస్తే కండరం తిరిగొస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకు ఆరేళ్లు. నడక ఆలస్యంగా వచ్చింది. పిక్కలు లావుగా ఉంటే పుష్టిగా ఉన్నాడనుకున్నాం. ఎస్‌జీపీటీ ఎక్కువుందని మొదట కొన్నాళ్లు లివర్ టానిక్కులు వాడాం. తరచూ పడిపోతుంటే వేరే డాక్టరు సీపీకే చేయించారు, పద్నాలుగు వేలు దాటింది. జన్యు పరీక్షలో డూషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అని తేలింది. స్టెరాయిడ్ మాత్రలు రాశారు గానీ లావైపోతాడని భయపడి మొదలుపెట్టలేదు. ఇప్పుడొక స్టెమ్ సెల్ సెంటర్ వాళ్లు తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, అందులోని కణాలు వేరుచేసి అదే రోజు వెన్నులోకి ఎక్కిస్తామంటున్నారు. మూడు విడతలు, విడతకు రెండు లక్షలు. చేయించుకున్న పిల్లాడి వీడియోలు మీకూ పంపుతున్నాను. పొలం అమ్మైనా చేయిద్దామని మావారి పట్టు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, జగిత్యాల

జవాబు: పొలం అమ్మకండమ్మా. ఈ మాట మీవారికి కూడా చదివి వినిపించండి.

మన కండరం ముడుచుకున్నప్పుడల్లా దాని కణాల పైపొర చిరగకుండా కాపాడే ప్రొటీన్ డిస్ట్రోఫిన్. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో 79 భాగాలుంటాయి, వాటిని ఎక్సాన్లంటారు. ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి వాటిలో కొన్ని పుట్టుకతోనే ఉండవు. దాంతో కండరం పనిచేసిన కొద్దీ చిరుగుతుంది, అందులోని పదార్థాలు రక్తంలోకి కారుతాయి. సీపీకే వేలల్లోకి వెళ్లింది అందుకే. ఎస్‌జీపీటీ కూడా కండరం నుంచే వచ్చింది, లివర్‌కు ఏమీ కాలేదు.

ఇక మజ్జ సంగతి. ఆ జన్యులోపం మీ బాబు ఒంట్లో కండరానికే పరిమితం కాదు, మజ్జ కణాల్లోనూ ఉంది. తుంటి నుంచి తీసి వెన్నులో ఎక్కిస్తే లోపం చోటు మారుతుంది, పోదు. పైగా మజ్జలోవి ప్రధానంగా రక్తాన్ని తయారుచేసే కణాలు. వెన్నులోకి ఎక్కించినవి తొడ కండరం దాకా వెళ్లి, కండరంగా మారి, డిస్ట్రోఫిన్ తయారుచేస్తాయనడానికి ఆధారం లేదు.

మరి ఆ వీడియోలో పిల్లాడు మెట్లెలా ఎక్కాడంటారా? రెండూ చూశాను. ‘ముందు’ అన్న వీడియోలో పిల్లాడు చెప్పుల్లేకుండా, ఒంటరిగా, తడబడుతూ ఎక్కుతున్నాడు. ‘తర్వాత’ అన్నదాంట్లో బూట్లున్నాయి, రెయిలింగ్ పట్టుకున్నాడు, ఫిజియోథెరపిస్టు చెయ్యి నడుము వెనకే ఉంది. వాటిని పక్కన పెట్టినా, అసలు విషయం వయసు. ఈ జబ్బున్న పిల్లలు ఆరేడేళ్ల వరకు నడకలో, మెట్లెక్కడంలో ఎంతో కొంత మెరుగవుతూనే ఉంటారు. కండరం పాడయ్యే వేగం కంటే అప్పటికి ఎదుగుదల వేగం ఎక్కువ. దానికి స్టెరాయిడూ, రోజూ ఫిజియోథెరపీ తోడైతే తేడా కంటికి కనబడుతుంది. అయిదారేళ్ల పిల్లాడికి ఏ సూది వేసినా నాలుగు నెలల్లో ‘ఫలితం’ చూపించొచ్చు. పేరు మాత్రం సూదికి వస్తుంది. అందుకే ఇలాంటి చికిత్సను తేల్చాలంటే ఉత్తుత్తి మందు తీసుకున్న మరో గుంపుతో పోల్చి చూడాలి.

అలా పోల్చి చూశారు కూడా. అమెరికాలో తండ్రుల నుంచో, అన్నదమ్ముల నుంచో తీసిన ఆరోగ్యకరమైన కండర కణాలను ల్యాబ్‌లో పెంచి, పన్నెండు మంది పిల్లలకు ఒక చేతి కండరంలో నెలనెలా ఆరు నెలలు ఇచ్చారు. రెండో చేతికి ఉత్తుత్తి ఇంజెక్షన్లు. 1995లో ఫలితం ప్రచురించారు: రెండు చేతుల బలంలో తేడా లేదు. ఇటలీలో కణజాలం సరిపోలిన తోబుట్టువుల కణాలను అయిదుగురు పిల్లల ధమనుల్లోకి ఎక్కించి 2015లో ప్రచురించారు. అక్కడా బలం పెరిగిన దాఖలా లేదు. మీకు చెబుతున్న మజ్జ కణాల కంటే ఇవి చాలా మెరుగైన కణాలని గమనించండి.

కాస్త ఆశ పెట్టుకోదగ్గది డెరామియోసెల్. దానం చేసిన గుండెల నుంచి తీసే కణాలివి. కొత్త కండరంగా మారవు, వాపునూ మచ్చనూ తగ్గించే సంకేతాలిస్తాయి. ఇరవై మందితో చేసిన ట్రయల్‌లో చేతుల బలహీనత ముదిరే వేగం తగ్గిందని 2022లో లాన్సెట్‌లో వచ్చింది. అయినా 2025 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ ఆధారాలు చాలవని దరఖాస్తును తిప్పి పంపింది. పద్ధతిగా ట్రయల్ చేసి వచ్చిన మందుకే ఇంత తనిఖీ! మీ దగ్గరకొచ్చినవాళ్ల చేతిలో ఉన్నది రెండు వీడియోలు.

మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప మిగతా అన్నింటికీ స్టెమ్ సెల్స్ వాడకం పరిశోధనే. పరిశోధనైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు ఉండాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, మీ దగ్గర రూపాయి తీసుకోకూడదు. వాళ్లను ఆ నమోదు నంబరు అడగండి. ఇంకో ప్రమాదమూ ఉంది. మజ్జ తీయడానికి పిల్లలకు మత్తిస్తారు. ఈ జబ్బున్న పిల్లలకు సక్సినైల్‌కోలిన్ అనే మత్తు సంబంధ మందు ఇస్తే రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోవచ్చు. రేపు పన్ను పీకించడానికి మత్తివ్వాల్సి వచ్చినా సరే, జబ్బు పేరు ముందే చెప్పండి.

జీన్ థెరపీ సంగతి కూడా మీ చెవిన పడే ఉంటుంది. 2023 జూన్‌లో అమెరికాలో ఒకటి అనుమతి పొందింది. ధర 32 లక్షల డాలర్లు. నడక పోయాక అది తీసుకున్న ఇద్దరు టీనేజ్ పిల్లలు 2025లో కాలేయం దెబ్బతిని చనిపోయారు. దానికోసం అప్పులు చేసే ఆలోచన ఇప్పుడొద్దు.

మీరు పక్కన పెట్టిన స్టెరాయిడ్ దగ్గరికి రండి. ప్రెడ్నిసొలోన్ గానీ డెఫ్లాజాకార్ట్ గానీ క్రమంగా వాడితే నడక ఆగిపోయే వయసు రెండు మూడేళ్లు వెనక్కి జరుగుతుంది. గుండెకూ ఊపిరికీ కూడా మేలు. లావవుతాడు, నిజమే. ఎత్తు తక్కువగా పెరుగుతాడు, ఎముకలు గుల్లబారొచ్చు. అందుకే ఉప్పు, తీపి తగ్గించాలి. విటమిన్ డి ఇవ్వాలి. బీపీ, షుగర్, కళ్లు చూపిస్తుండాలి. మొదలుపెట్టాక ఒక్కసారిగా ఆపేయకూడదు, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇవ్వాల్సిన టీకాలు ఏవైనా మిగిలి ఉంటే మాత్రలకు ముందే వేయించండి. రాత్రిళ్లు మడమ స్ప్లింట్లు వేయండి. ఈత మంచిది. మెట్లు దిగడం, గెంతడం కండరాన్ని చింపుతాయి, ‘వ్యాయామం’ పేరుతో అవి చేయించొద్దు. ఏటా ఎకో తీయించండి. పదేళ్లొచ్చేసరికి గుండె బాగానే ఉన్నా దానికి రక్షణగా మాత్ర మొదలుపెడతాం.

ఒక పని మీరే చేయొచ్చు. బాబు నేల మీద నుంచి లేచేటప్పుడు ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకానించి, తర్వాత మోకాళ్లు, తొడలు పట్టుకుంటూ తన ఒంటిమీద తానే పాకినట్టు లేస్తుంటాడు కదా. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే గచ్చు మీద దానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్‌లో చూసి రాసిపెట్టండి. మందు పనిచేస్తోందో లేదో నాకు ఆ కాగితం చెబుతుంది. దివ్యాంగుల సర్టిఫికెట్‌కు కూడా దరఖాస్తు చేయండి. 2016 దివ్యాంగుల చట్టంలో మస్క్యులర్ డిస్ట్రఫీ ఉంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అరుదైన జబ్బుల కేంద్రంగా పనిచేస్తున్నాయి. ఆ ఆరు లక్షలు లేకుండానే అక్కడ చూపించుకోవచ్చు.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. లింబ్ గర్డిల్ మస్క్యులర్ డిస్ట్రఫీ అన్నారు. అమ్మానాన్నలది మేనరికం. నా కణాల్లో లోపముంటే ఆరోగ్యవంతుల స్టెమ్ సెల్స్ ఎక్కించుకోవచ్చు కదా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆలోచన సరైనదే, ఒళ్లే ఒప్పుకోదు. ఒంట్లో కండరాలు ఆరు వందలకు పైనే. కండరంలో వేసిన కణాల్లో చాలావరకు త్వరగా చనిపోతాయి, మిగిలినవి సూది దిగిన చోటు దాటి పెద్దగా పోవు. దాత కణాలను ఒళ్లు తిప్పికొట్టకుండా ఇమ్యూనిటీని అణిచే మందులూ వాడాలి.

ముందు మీది ఏ రకమో జన్యు పరీక్షతో తేల్చుకోండి. లింబ్ గర్డిల్ అని ముద్రపడిన వాళ్లలో కొందరికి అసలున్నది పాంపే జబ్బు. దానికి ఎంజైమ్ చికిత్స ఉంది. కొన్ని రకాల్లో గుండె కూడా దెబ్బతింటుంది, ఎకో, ఈసీజీ తీయించండి. లింబ్ గర్డిల్ రకాల్లో ఎక్కువ భాగం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం అందితేనే వస్తాయి, అక్కడ మేనరికం పాత్ర ఉంది. మీరు మాత్రం దగ్గరి సంబంధం చేసుకోకండి.

ప్రశ్న: మా తమ్ముడికి డూషెన్ ఉంది. నాకిప్పుడు ఎనిమిదో వారం. బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచుకుంటే రేపు పనికొస్తుందని ఒక కంపెనీ వాళ్లు అంటున్నారు. మాది మేనరికం కాదు, భయం లేదు కదా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఈ జబ్బుకు మేనరికంతో సంబంధం లేదు, తల్లి వైపు నుంచి వస్తుంది. మూడో వంతు కేసుల్లో తల్లిలో లోపం లేకుండానే కొత్తగా పుడుతుంది. మీ అమ్మగారు క్యారియర్ (లోపమున్న జన్యువును మోసేవారు) అయితే మీరూ అయ్యే అవకాశం సగం. మీరు క్యారియర్ అయితే పుట్టే ప్రతి మగబిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగం. బిడ్డకు ఆ లోపం ఉంటే దాచిన బొడ్డుతాడు రక్తంలోనూ అదే ఉంటుంది. ఆ డబ్బు పరీక్షకు పెట్టండి.

మీ తమ్ముడి జన్యు పరీక్ష రిపోర్టు పట్టుకుని ఈ వారంలోనే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. అందులో ఏ ఎక్సాన్లు లేవో తెలిస్తే మీకూ అదే చోట చూస్తారు. మీరు క్యారియర్ అని తేలితే మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు అనువైన సమయం 11 నుంచి 13 వారాల మధ్య.