కోలన్ దగ్గర కాసేపు ఆగండి: హోస్ట్, పోర్టు విడదీసే ఫంక్షన్ రాసే తీరు

నార్త్ యార్క్‌లో అపార్ట్‌మెంట్ చిరునామా రాసేటప్పుడు ముందు ఫ్లాట్ నంబరు, హైఫన్, ఆ వెంటనే భవనం నంబరు వేసి వీధి పేరు రాస్తారు. 1204-35 అని ఉంటే 35వ నంబరు భవనంలో 1204వ ఫ్లాట్ అని పోస్టువాళ్లకు తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవారికి ఇంటి నంబరులోనే హైఫన్లు ఉండటం అలవాటు. 3-6-290 అంటే అదంతా ఒకే ఇంటి నంబరు. దానికి ముందు ఫ్లాట్ నంబరు 402 చేర్చి కెనడా పద్ధతిలో రాస్తే 402-3-6-290 అవుతుంది. వీటిలో విడదీసే హైఫన్ ఏదో, ఇంటి నంబరులో భాగమైన హైఫన్ ఏదో రాసినవారికి తప్ప మరొకరికి తెలియదు.

సర్వర్ చిరునామాల్లో కోలన్‌కు పట్టిన గతి ఇదే. హోస్ట్ పేరు, కోలన్, పోర్టు నంబరు: ఐపీవీ4 ఒక్కటే ఉన్న రోజుల్లో ఈ రాత సుఖంగా నడిచింది. ఆ చిరునామాలో ఉండేవి అంకెలు, చుక్కలే కాబట్టి కోలన్ కనబడితే దాని తర్వాతిది పోర్టే. 1995 డిసెంబరులో ఐపీవీ6 తొలి నిర్దేశం వచ్చింది. అందులో చిరునామా లోపలి భాగాలను కలిపేది కూడా కోలనే. ఆనాటి నుంచి "కోలన్ దగ్గర విరగ్గొట్టు" అనే ఒక్క వరుస కోడ్ సరిపోవడం లేదు. అయినా నేటికీ చాలా ప్రాజెక్టుల్లో ఆ ఒక్క వరుసే ఉంటుంది.

యార్క్ విశ్వవిద్యాలయం కీల్ క్యాంపస్, సెనెకా న్యూనమ్ క్యాంపస్ రెండూ నార్త్ యార్క్‌లోనే ఉన్నాయి. అక్కడ కంప్యూటర్ కోర్సులు చదువుతున్న తెలుగు పిల్లలను, ఉద్యోగంలో కొత్తగా చేరి కాన్ఫిగ్ ఫైలు చదివే కోడ్ రాస్తున్నవారిని మనసులో పెట్టుకుని ఈ తయారీ పద్ధతి రాస్తున్నాను. ఏ భాషలో రాసినా అడుగులు ఇవే.

కోడ్ మొదలుపెట్టే ముందు ఒక నిర్ణయం చేసుకోవాలి: మన ఫంక్షన్‌కు వచ్చేది పూర్తి యూఆర్ఎల్‌నా, లేక హోస్ట్, పోర్టు మాత్రమేనా? పూర్తి యూఆర్ఎల్ అయితే సొంతంగా విడదీయకండి, భాషతో వచ్చే లైబ్రరీకి అప్పగించండి. యూఆర్ఎల్‌లో హోస్ట్‌కు ముందు వాడుకరి పేరు, దాని వెనుక ఎట్ గుర్తు ఉండవచ్చు. ఎట్ గుర్తులు రెండుంటే, మధ్యలో ఖాళీ ఉంటే ఒక్కో లైబ్రరీ ఒక్కో హోస్ట్‌ను పట్టుకుంటుంది. 2017లో బ్లాక్ హ్యాట్ భద్రతా సదస్సులో పరిశోధకుడు ఆరెంజ్ త్సాయ్ చూపించినది దీన్నే. ఒకే యూఆర్ఎల్‌ను పైథాన్‌లోని మూడు లైబ్రరీలకు ఇస్తే మూడూ మూడు వేర్వేరు హోస్ట్‌లు చెప్పాయి. తనిఖీ చేసే కోడ్ ఒక హోస్ట్‌ను చూసి సరేనంటే, కనెక్షన్ పెట్టే కోడ్ ఇంకో హోస్ట్‌కు వెళ్లిపోతుంది. ఇక్కడ మనం చేయబోయేది చిన్న పని: హోస్ట్, పోర్టు మాత్రమే. స్లాష్, ఎట్ గుర్తు, ఖాళీ, ప్రశ్నార్థకం వంటివి కనబడితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి.

ఇప్పుడు స్ట్రింగ్‌లోని మొదటి అక్షరం చూడండి. అది చదరపు బ్రాకెట్ అయితే దారి ఒకటి, కాకపోతే మరొకటి.

బ్రాకెట్‌తో మొదలైతే మూసే బ్రాకెట్ ఎక్కడుందో వెతకాలి. లేకపోతే ఎర్రర్. లోపల ఉన్నది ఐపీవీ6 చిరునామా అయి తీరాలి. ఐపీవీ4నో పేరునో బ్రాకెట్లలో పెడితే ఒప్పుకోకూడదు. మూసే బ్రాకెట్ తర్వాత స్ట్రింగ్ ముగియాలి, లేదా కోలన్ వచ్చి దాని వెనుక పోర్టు ఉండాలి. బ్రాకెట్ల పద్ధతిని 1999 డిసెంబరులో ఆర్ఎఫ్‌సీ 2732 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం తెచ్చింది, 2005లో ఆర్ఎఫ్‌సీ 3986 దాన్ని యూఆర్ఐ వ్యాకరణంలో కలిపింది. గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్ చిరునామాను పోర్టుతో కలిపి ఇలా రాస్తారు: [2001:4860:4860::8888]:53.

బ్రాకెట్ లేకపోతే కోలన్లు లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోతే మొత్తం హోస్టే, పోర్టు ఇవ్వలేదు. ఒక్కటే ఉంటే దానికి ఎడమ హోస్ట్, కుడి పోర్టు. రెండు, అంతకు మించి ఉంటే అది బ్రాకెట్ లేని ఐపీవీ6, పోర్టు లేనట్టే లెక్క. ఈ మూడు మాటల్లో ఫంక్షన్ సగం అయిపోయింది. కానీ మూడో మాట దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. "చివరి కోలన్ దగ్గర విరగ్గొడదాం, పోర్టు ఎప్పుడూ చివరే కదా" అనుకుంటారు. పై చిరునామానే బ్రాకెట్లు లేకుండా ఇచ్చి చివరి కోలన్ దగ్గర విరగ్గొట్టండి. 8888 పోర్టుగా బయటికొస్తుంది. అది చెల్లుబాటయ్యే పోర్టు నంబరు కూడా కావడంతో అక్కడ ఎర్రర్ రాదు. మిగిలిన తోక తెగిన ముక్క హోస్ట్‌గా ముందుకెళ్లి ఎక్కడో దూరాన, అసలు కారణం కనబడని చోట పేలుతుంది.

దీనికి తలకిందుల సందర్భం కూడా ఉంది. ఒకరు పోర్టు 53 ఇద్దామనుకుని బ్రాకెట్లు మరచిపోయి 2001:4860:4860::8888:53 అని రాశారనుకోండి. ఇది వ్యాకరణం ప్రకారం పక్కా ఐపీవీ6 చిరునామా. జంట కోలన్ మధ్యలోని సున్నాలను ఎన్ని కావాలంటే అన్ని మింగుతుంది కాబట్టి 53 చివరి భాగంగా ఇమిడిపోతుంది. రాసినవారి ఉద్దేశం ఏ పార్సర్‌కూ తెలిసే వీలు లేదు. 2010లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5952 ఈ అయోమయాన్ని పేరుపెట్టి ప్రస్తావించి, పోర్టు ఉంటే బ్రాకెట్లు వాడమని సిఫారసు చేసింది. నా సలహా ఇంకొంచెం కఠినం. మీ ప్రోగ్రాముకు పోర్టు తప్పనిసరి అయితే బ్రాకెట్ లేని ఐపీవీ6ను అసలు ఒప్పుకోవద్దు. "ఐపీవీ6 చిరునామాను చదరపు బ్రాకెట్లలో పెట్టండి" అని ఎర్రర్‌లోనే చెప్పండి. ఆ ఒక్క వాక్యం అర్ధరాత్రి సర్వర్ ఎత్తడానికి కూర్చున్న మనిషికి గంట సేపు ఆదా చేస్తుంది.

ఇక పోర్టు. 16 బిట్ల సంఖ్య కాబట్టి 0 నుంచి 65535 దాకా. స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే ఫంక్షన్ ప్రతి భాషలోనూ ఉంటుంది. అది మన పోర్టు కోసం పుట్టినది కాదని గుర్తుంచుకోవాలి. సీ భాషలోని పాత ఫంక్షన్ 80 వెనుక అక్షరాలు తగిలించి ఇచ్చినా 80 అని తిరిగిస్తుంది. 65616 ఇచ్చి, ఫలితాన్ని హద్దు చూడకుండా 16 బిట్లలో కుదిస్తే 65536 పోను మిగిలేది 80. పైథాన్‌లో ముందు ప్లస్ గుర్తున్నా, అటూ ఇటూ ఖాళీలున్నా, అంకెల మధ్య అండర్‌స్కోర్ ఉన్నా సంఖ్యగా మార్చేస్తుంది.

తెలుగువారు ప్రత్యేకంగా చూడాల్సినది ఇంకొకటి. పైథాన్‌కు ౪౪౩ ఇవ్వండి, 443 అని తిరిగిస్తుంది. జావా కూడా అంతే. యూనికోడ్‌లో దశాంశ అంకెలుగా నమోదైనవన్నీ వాటికి అంకెలే. మన అంకెలకు ఆ గౌరవం దక్కడం నాకు నిజంగా ఇష్టం. పంచాంగంలో, పుస్తకంలో పేజీ సంఖ్యగా అవి ఉండాలి. పోర్టు స్థానంలో మాత్రం ఉండకూడదు. కారణం భాష మీద చిన్నచూపు కాదు. ముందున్న ఫిల్టర్ 0 నుంచి 9 వరకే అంకెలుగా చూస్తుంది, వెనుకనున్న ప్రోగ్రాము ౦ నుంచి ౯ వరకూ చూస్తుంది. రెండింటి మధ్య ఆ తేడా ఉన్నంతకాలం ఒకటి ఆపిందనుకున్నదాన్ని మరొకటి లోపలికి పంపుతుంది. ఆర్ఎఫ్‌సీ 3986 పోర్టు స్థానంలో ఆస్కీ అంకెలనే ఒప్పుకుంటుంది. కాబట్టి సంఖ్యగా మార్చే ముందే ప్రతి అక్షరమూ 0 నుంచి 9 లోపలిదేనా అని చూడండి, పొడవు 5 దాటితే తిప్పికొట్టండి, ఆ తర్వాత మార్చండి, చివరగా 65535 దాటిందేమో చూడండి. ఈ వరుస మారకూడదు.

సున్నా పోర్టు సంగతి వేరు. వినే సర్వర్‌కు 0 ఇస్తే ఖాళీగా ఉన్న పోర్టును ఆపరేటింగ్ సిస్టమే ఎంచి ఇస్తుంది, పరీక్షలు రాసేటప్పుడు ఇది ఎంతో ఉపయోగం. బయటి సర్వర్‌ను కలవడానికి 0 పనికిరాదు. హోస్ట్ ఖాళీగా వదిలి కోలన్, 8080 అని మాత్రమే రాయడం కూడా అలాంటిదే. వినేటప్పుడు "అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా" అని దానికి అర్థం చెప్పుకోవచ్చు, కలిసేటప్పుడు అర్థం లేదు. ఈ రెండింటికీ అనుమతి ఉందో లేదో ఫంక్షన్‌ను పిలిచేవారే చెప్పాలి. అలాగే పోర్టు ఇవ్వకపోతే 443 అనో, పోస్ట్‌గ్రెస్‌కైతే 5432 అనో పార్సర్ తనంతట తాను నింపకూడదు. "ఇవ్వలేదు" అని మాత్రమే చెప్పాలి.

హోస్ట్ భాగం మిగిలింది. ఇది మూడు రకాలు: ఐపీవీ4, ఐపీవీ6, పేరు. ఏ రకమో తేల్చడంలోనే భద్రత ఉంది.

యార్క్ విశ్వవిద్యాలయం చేతిలో 130.63తో మొదలయ్యే చిరునామాల దిమ్మె ఉంది, మొత్తం 65,536. అందులోంచి 130.63.1.5 తీసుకుందాం. దీన్ని ఎవరో చక్కగా వరుసలో కనబడాలని 130.063.1.5 అని రాశారు. ఐపీవీ4 చిరునామా చదవడానికి యూనిక్స్ కాలం నుంచి వస్తున్న పాత ఫంక్షన్, ముందు సున్నా ఉంటే అష్టాంశంగా చదువుతుంది. అష్టాంశంలో 63 అంటే 51. అంటే 130.51.1.5, యార్క్‌తో సంబంధం లేని మరో నెట్‌వర్క్. ఇంకో లైబ్రరీ ముందున్న సున్నాను వదిలేసి 63గానే చదువుతుంది. 2021లో ఇదే లోపం వరుసగా బయటపడింది. జావాస్క్రిప్ట్‌వాళ్లు వాడే నెట్‌మాస్క్ ప్యాకేజీలో, పైథాన్ లైబ్రరీలో, గో భాషలో. ఆ ఏడాదే పైథాన్ 3.9.5, గో 1.17 ముందు సున్నాలను తిరస్కరించడం మొదలుపెట్టాయి. పాత వెర్షన్‌తో నడుస్తున్న సర్వర్‌లో ఈ తలుపు ఇంకా తెరిచే ఉంటుంది.

ఆ పాత ఫంక్షన్‌కు నాలుగు భాగాలూ అక్కర్లేదు. 130.63 అని ఇస్తే 130.0.0.63 అంటుంది. చుక్కే లేకుండా 2852039166 ఇస్తే 169.254.169.254 అని చదువుతుంది. క్లౌడ్ సర్వర్లలో రహస్య తాళాలు అందించే మెటాడేటా చిరునామా అది. మీ నిషేధ జాబితాలో చుక్కలతో రాసిన రూపం మాత్రమే ఉంటే, చుక్కల్లేని రూపం దాని పక్కనుంచి నడిచి వెళ్లిపోతుంది. కాబట్టి నియమం ఇది: సరిగ్గా నాలుగు భాగాలు, ప్రతిదీ 0 నుంచి 255 దాకా, ముందు సున్నా లేకుండా. చివరి భాగం అంతా అంకెలైతే, లేదా సున్నా ఎక్స్‌తో మొదలయ్యే షోడశాంశమైతే, అది పేరు కాదు, ఐపీవీ4 కావాలి. కాలేకపోతే ఎర్రర్. 130.63.300.1ను "ఐపీ కాదు కాబట్టి పేరై ఉంటుంది" అని డీఎన్ఎస్‌కు పంపవద్దు.

ఐపీవీ6ను సొంతంగా విడదీసే సాహసం చేయకండి, లైబ్రరీ వాడండి. లింక్‌లోకల్ చిరునామాల వెనుక శాతం గుర్తుతో వచ్చే ఇంటర్‌ఫేస్ పేరును మీకు అవసరమైతేనే అనుమతించండి.

పేరైతే ప్రతి భాగంలో అక్షరాలు, అంకెలు, హైఫన్. హైఫన్ మొదట, చివర రాకూడదు. భాగం 63 అక్షరాలు, మొత్తం 253 దాటకూడదు. అండర్‌స్కోర్‌కు హోస్ట్ పేరులో చోటు లేదు. అయితే కంటెయినర్లతో పనిచేసేవారు తమ సర్వీసు పేర్లలో దాన్ని విరివిగా వాడతారు. మీ ప్రోగ్రాము అక్కడ నడిచేదైతే తెలిసి తెలిసి అనుమతించాలి.

తెలుగు లిపిలో డొమైన్లు ఉన్నాయి, భారత్ అనే చివరి భాగంతో సహా. నెట్‌వర్క్ మీదికి వెళ్లేటప్పుడు అవి ప్యూనీకోడ్ అనే ఆస్కీ రూపంలోకి మారతాయి, పైన చెప్పిన 63 హద్దు ఆ మారిన రూపానికే. సాఫ్ట్‌వేర్ అనే మాటలో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, ఒత్తు పడకుండా ఆపేది. ఇలాంటి డొమైన్ పేర్లకు పెట్టిన 2003 నియమాలు దాన్ని తీసేస్తాయి, 2010 నియమాలు పొల్లు తర్వాత ఉంచనిస్తాయి. అంటే చూపుకు ఒకేలా ఉన్న పేరు, లైబ్రరీని బట్టి రెండు వేర్వేరు డొమైన్లు అవుతుంది. తెలుగు పేర్లను తీసుకునే ప్రోగ్రాములో మార్పిడి ఒకే లైబ్రరీతో, ఒకే చోట జరగాలి.

విడదీయడం అయ్యాక ఆ ఫలితాన్నే చివరిదాకా మోయండి. ఎక్కువ ప్రమాదాలు జరిగేది ఇక్కడే. కష్టపడి విడదీసి, సరిచూసి, కనెక్షన్ పెట్టేటప్పుడు మళ్లీ మొదటి స్ట్రింగ్‌నే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇచ్చేస్తారు. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ తన పాత పద్ధతిలో మళ్లీ విడదీస్తుంది. మీ కష్టం వృథా.

తిరిగి రాసేటప్పుడు కూడా చేత్తో కోలన్ అతికించవద్దు. గో భాషలో విడదీయడానికి, కలపడానికి జంట ఫంక్షన్లు ఉన్నాయి. కలిపేది ఐపీవీ6 కనబడితే బ్రాకెట్లు తానే పెడుతుంది. మీ భాషలో లేకపోతే నాలుగు వరుసల్లో రాసుకోండి. 2001:4860:4860:0:0:0:0:8888, 2001:4860:4860::8888 ఒకే చిరునామా కాబట్టి పోల్చేటప్పుడు స్ట్రింగ్‌లను కాక విలువలను పోల్చండి.

పరీక్షలకు వేరే వెతకనక్కర్లేదు, ఈ వ్యాసంలో ఉన్న ప్రతి ఉదాహరణనూ ఇవ్వండి. ఒప్పుకున్న ప్రతిదాన్నీ విడదీసి, కలిపి, మళ్లీ విడదీస్తే మొదటి ఫలితమే రావాలి.

ఈ వారంలో ఒక పూట మీ ప్రాజెక్టులో కోలన్ దగ్గర విరగ్గొట్టే వరుసలన్నీ వెతకండి. ఒకటి కంటే ఎక్కువ చోట్ల కనబడితే వాటన్నిటినీ తీసేసి, ఒకే ఫంక్షన్ పెట్టండి.