లోకాపవాదం - పౌరసంబంధాలు

పౌరసంబంధాలు అనగానే మనకు ప్రభుత్వ సమాచార, పౌరసంబంధాల శాఖ గుర్తుకు వస్తుంది. చేసిన మంచిని ప్రజలకు తెలియజెప్పడం దాని పని. అది సులువైన పనే. ఈ విద్యలో ఇంతకంటె కఠినమైన భాగం మరొకటి ఉన్నది. లోకమంతా ఛీకొడుతున్న వాని పక్షాన నిలిచి మాట్లాడడం అది. ఈ వ్యాసంలో మేము పరిశీలింపదలచినది దానినే.

హత్యానేరం మోపబడిన వానికి కూడ వకీలు ఉంటాడు గదా, లోకనింద మోసేవానికి ఒక ప్రతినిధి ఉంటే తప్పేమున్నదని ఈ వృత్తివారు అడుగుతారు. ఈ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. అయితే కోర్టులో ఎదుటి పక్షానికీ వకీలు ఉంటాడు. సాక్షి అబద్ధమాడితే శిక్ష ఉన్నది. పైన న్యాయమూర్తి కూర్చొని ఉంటాడు. పత్రికలో వెలువడే ప్రకటనకు ఇవేవీ లేవు.

ఈ వృత్తికి ఆద్యులలో ఒకడైన అమెరికావాసి ఐవీ లీ, తాము అందించే సమాచారం దాపరికం లేనిదిగా, సత్యమైనదిగా ఉంటుందని 1906లో పత్రికలవారికి నియమావళి ప్రకటించినాడు. ఎనిమిదేండ్లు గడిచినవి. 1914 ఏప్రిల్‌లో కొలరాడో రాష్ట్రంలోని లడ్లో వద్ద సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాలపై దాడి జరిగి స్త్రీలు, పసిపిల్లలు సైతం మరణించినారు. దేశమంతా గని యజమాని రాక్‌ఫెల్లరును నిందించింది. రాక్‌ఫెల్లరు ఐవీ లీని నియమించుకొన్నాడు. కార్మిక నాయకుల జీతాలను ఎన్నో రెట్లు పెంచి చూపిన తప్పు లెక్కలు అతని కరపత్రాలలో చోటు చేసుకొన్నవి. నియమావళి వ్రాసిన చేయీ, ఆ కరపత్రాలు వెలువరించిన చేయీ ఒకటే.

1954 జనవరి 4న సిగరెట్టు కంపెనీలు నాలుగు వందలకు పైగా అమెరికా పత్రికలలో ఒక ప్రకటన వేసినవి. పొగ త్రాగితే క్యాన్సరు వస్తుందని పరిశోధనలు వెలువడి జనం బెదిరిన రోజులవి. కంపెనీలకు సలహాదారు హిల్ అండ్ నోల్టన్ అనే పౌరసంబంధాల సంస్థ. ప్రజల ఆరోగ్యమే తమకు ముఖ్యమన్నారు, విషయం ఇంకా నిర్ధారణ కాలేదన్నారు, తామే పరిశోధన చేయిస్తామన్నారు. జనం నమ్మవలసిన పని లేదు, సందేహంలో పడితే చాలు! ఆ కంపెనీలు దశాబ్దాలపాటు ప్రజలను మోసగించినవని అమెరికా ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పేసరికి 2006వ సంవత్సరం వచ్చింది.

పొగాకు మన గుంటూరు సీమకు పరాయి సరుకు కాదు. చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీలో ఒకప్పుడు పని చేసిన కూలీలలో స్టువర్టుపురం వారు ఉన్నారు. వారి సంగతి చెప్పడానికే ఇంత దూరం వచ్చినాము.

భట్టిప్రోలులో రైలెక్కి తెనాలిలో బండి మారితే, బాపట్ల దాటిన తరువాత చీరాలకు ముందే వచ్చే స్టేషను స్టువర్టుపురం. నేరస్థ తెగల చట్టం క్రింద ఎరుకల కుటుంబాలను నిర్బంధించి ఉంచడానికి 1913-14 ప్రాంతంలో ఏర్పడిన సెటిల్‌మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలోని సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టినారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీది. హాజరు పట్టీలు ఉండేవి, సెలవు చీటీ లేనిదే ఊరు దాటరాదు. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్ టక్కర్ నేరప్రవృత్తికి చికిత్స అనే భావంతో 'క్రిమినోక్యూరాలజీ' అనే పుస్తకం వెలువరించినాడు. చికిత్స కావలెనంటే ముందు రోగం ఉన్నదని చాటవలె గదా! మేలు చేస్తామన్న ప్రచారమే ఆ జనుల మీద ముద్రను మరింత గట్టిగా వేసిందని మా అభిప్రాయం.

చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం రద్దు కాలేదు. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' అనే చిత్రాలు రెండూ విడుదలైనవి. ఊరి పేరును దొంగతనానికి పర్యాయపదంగా తెలుగుదేశమంతా చాటడానికి వెండితెర కంటె పెద్ద ప్రచార సాధనం ఏమున్నది? దరఖాస్తులో ఊరి పేరు వ్రాయవలసిన స్టువర్టుపురం విద్యార్థి స్థానంలో మన కళాశాల విద్యార్థి ఒక్కసారి తన్ను తాను నిలుపుకొని చూడవలె.

వీరి పక్షాన హిల్ అండ్ నోల్టన్ రాలేదు. వచ్చినవారు విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, ఆయన భార్య హేమలత. ఈమె మహాకవి గుర్రం జాషువ కుమార్తె. 1970 దశకం నుండి 'సంస్కార్' సంస్థ ద్వారా వారు ఆ కుటుంబాల మధ్యకు వెళ్ళి పని చేసినారు. వృత్తిరీత్యా వారిని పౌరసంబంధాల అధికారులని ఎవరూ అనరు. కాని చెడ్డ పేరు పడిన వారిని గురించి లోకానికి చెప్పవలసినవారు ముందు ఆ వాకిట కూర్చొని వారు చెప్పేది వినవలె గదా. సిగరెట్టు కంపెనీల ప్రకటనలో లోపించినది సరిగ్గా ఇదే. రోగుల మాట అందులో ఎక్కడా లేదు.

2023లో 'టైగర్ నాగేశ్వరరావు' అనే చిత్రపు ప్రచార దృశ్యాలు వెలువడినప్పుడు, అవి ఎరుకల జాతినీ స్టువర్టుపురం వాసులనూ కించపరుస్తున్నవని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. కోర్టు నిర్మాతకు నోటీసు ఇచ్చింది. అక్టోబరు 20న చిత్రం విడుదలైంది. దానికి గోడపత్రికలు ఉన్నవి, ప్రచార విభాగం ఉన్నది. ఊరి పక్షాన ఉన్నది ఆ ఒక్క పిటీషను.