కౌమారమున ప్రార్థన – గోదాదేవి చూపిన త్రోవ

బాల్యమున పిల్లలు పెద్దల చేయి పట్టుకొని గుడికి వత్తురు. 13, 14 ఏండ్లు నిండునప్పటికి ఆ చేయి విడుతురు. హారతివేళ ఎంత పిలిచినను కదలరని తల్లిదండ్రులు వాపోవుచుందురు. వారిపై కోపించుటకు ముందు, ఆ వయస్సువారిని ప్రార్థనకు చేర్చునది ఏదియో విచారించుట మేలు.

మా కామవరపుకోటకు సమీపమున ద్వారకా తిరుమల కలదు. అచ్చటి స్వయంభూమూర్తి పాదములు పుట్టలో నుండుటచే, పాదపూజకై సంపూర్ణమూర్తిని భగవద్రామానుజులు ప్రతిష్ఠించిరని క్షేత్రసంప్రదాయము. తిరుప్పావైయందలి ప్రీతిచే ఆ రామానుజులకే 'తిరుప్పావై జీయరు' అను పేరు కలిగినది. ధనుర్మాసమున మనము అనుసంధించు ఆ 30 పాశురములను గానము చేసిన గోదాదేవియు కన్యయే. కావున మన ప్రశ్నకు సమాధానము అందే లభించును.

మొదటిది నియమము. రెండవ పాశురమున కన్యలు నేయి, పాలు, కాటుక, పూలు విడుతుమని తమకు తామే నిర్ణయించుకొందురు. పరులు విధించిన నియమము భారము. తాను పూనిన నియమము అభిమానము.

రెండవది చెలిమి. 6వ పాశురము మొదలు 15వ పాశురము వరకు పదుగురు కన్యలను తోడివారే మేలుకొల్పుదురు. పరిహాసము లాడుదురేకాని, నిద్రించు చెలిని విడిచి పోరు.

మూడవది సహపంక్తి. పాలు, నేయి విడిచిన ఆ కన్యలే 27వ పాశురమున నేయి నిండిన క్షీరాన్నమును అందరితో కూడి భుజింపగోరుదురు.

భాగవత సప్తమస్కంధమున ప్రహ్లాదుని కథయు ఇట్టిదే. తండ్రి పెట్టిన శిక్షలు అతని మనస్సును మార్పజాలకపోయెను. గురువులు లేనివేళ తోడిబాలురు ఆటకు పిలువగా, అతడు స్నేహముతో వారికి హరిభక్తిని బోధించెను. వారు ఆటవస్తువులు విడిచి వినిరి. బలాత్కారము భక్తిని చెరుపజాలనట్లే, భక్తిని పుట్టింపను జాలదు.

కావున ధర్మకర్తలకును తల్లిదండ్రులకును నా విన్నపము. ధనుర్మాసమున మైకులో పిల్లల గొంతును వినిపింపనిండు. దీపముల వరుస, పూలమాలలు, ప్రసాదవితరణ వారి చేతికిండు. పాశురార్థమును తెలుగున చెప్పుడు. ఎందుకని ప్రశ్నించినచో కసరకుడు. పరీక్షల దినములలో ఒక్క పాశురమైనను చాలును. రాని బాలుని నిందింపక, వాని స్నేహితునే పిలువ పంపుడు.

అట్లు మేల్కొన్న బాలుడు రేపు మరియొకని మేల్కొల్పును. చిన్న తిరుపతి వేంకటేశ్వరుడు మన పిల్లలకు ఆ సద్బుద్ధిని, మనకు ఆ ఓర్పును అనుగ్రహించుగాక!