ఇంజక్షన్ తీసి కార్బురేటరు పెట్టవచ్చునా? – ఒక పడవ ఇంజను పాఠం

(బి.యస్సీ., ఎం.పి.సి., తృతీయ సంవత్సర విద్యార్థి)

మా ఇంట్లో ఒక చిన్న పెట్రోలు–కిరోసిన్ ఇంజను ఉంది. పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు తిప్పుతాము. రెండేళ్ళ క్రితం నారుమడి ఎండిపోతున్న రోజుల్లో అది మొరాయించింది. తాడు లాగీ లాగీ నా చేతులు బొబ్బలెక్కాయి. చూస్తే కార్బురేటరు నుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతున్నది. అంతలో సాయానికి వచ్చిన పక్కచేను ఆయన బీడీ వెలిగించబోయాడు. నాన్న ఒక్క అరుపు అరిచి అగ్గిపెట్టె లాగేసుకున్నాడు. ఫ్లోటు సూది వాల్వులో నలుసు అడ్డుపడిందని తరువాత తెలిసింది. గట్టు మీద గాలి ఆడుతున్నది కనుక బతికిపోయాము.

ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక మన మోటారు సైకిళ్ళు కార్బురేటరు వదలి ఇంజక్షన్‌కు మారాయి. అమెరికాలో సరస్సుల మీద తిరిగే పెట్రోలు పడవల యజమానులు కొందరు మాత్రం ఇంజక్షన్ పీకేసి కార్బురేటరు పెట్టుకుంటున్నారు. ఎందుకు? ఎలా? అందులో ప్రమాదమెక్కడ? ఇదే ఈ వ్యాసంలో విచారిద్దాము.

రెండు పద్ధతులు

ఒక కిలో పెట్రోలు సరిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ పాళ్ళు కలపడమే రెండింటి పనీ. కార్బురేటరులో గాలి ఒక ఇరుకు గొంతు గుండా పోతుంది. ఇరుకులో వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. మనం పరీక్ష కోసం బట్టీపట్టే బెర్నౌలీ సూత్రం ఇదే. పీడనం తగ్గిన చోటుకు ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు జెట్టు ద్వారా తనంతట తానే ఎగబాకి వస్తుంది. కరెంటుతో పనిలేదు.

ఇంజక్షన్‌లో అలా కాదు. గాలి ఎంత వస్తున్నదో సెన్సార్లు చెబుతాయి. కంప్యూటరు పెట్టె లెక్క కట్టి నాజిల్‌ను కొన్ని మిల్లీసెకన్ల పాటు తెరుస్తుంది. చలిలో సులభంగా స్టార్టవుతుంది, పెట్రోలు ఆదా అవుతుంది, పొగ తక్కువ. కాని ఆ పెట్టె చెడితే సరస్సు నడుమ ఎవరూ బాగుచెయ్యలేరు. పాత మోడలు పెట్టెలు దొరకవు, దొరికినా ఖరీదు. అందుకే కొందరు వెనక్కు నడుస్తున్నారు.

ఒక లెక్క

ఉదాహరణకు మెర్‌క్రూజర్ 5.7 లీటర్ల వి-8 ఇంజను తీసుకుందాము. ఇది జనరల్ మోటార్స్ వారి ఇంజను ఆధారంగా తయారైనది. కార్బురేటరుతోనూ, ఇంజక్షన్‌తోనూ వచ్చింది కాబట్టి మార్పు సాధ్యమే. ఎంత పెద్ద కార్బురేటరు కావాలి?

నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి తన నిండా గాలి పీలుస్తుంది. నిమిషానికి 4,800 చుట్లు తిరిగితే 5.7 × 2,400 = 13,680 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు గనుక 85 శాతం వేసుకుంటే సుమారు 11,600 లీటర్లు, అనగా నిమిషానికి 410 ఘనపుటడుగులు. కాబట్టి 600 ఘనపుటడుగుల కార్బురేటరు ధారాళంగా సరిపోతుంది. పెద్దది పెడితే బలం పెరుగుతుందనుకోవడం పొరపాటు. గొంతు వెడల్పయితే నెమ్మదిగా నడిచేటప్పుడు గాలి వేగం చాలక పెట్రోలు సరిగా ఎక్కదు.

ఆ గాలి బరువు దాదాపు 14 కిలోలు. 14.7తో భాగిస్తే నిమిషానికి 0.95 కిలో పెట్రోలు, అంటే ఒకటింబావు లీటరు పైమాటే! మా ఇంజను పూటంతా తాగేది ఇది నిమిషాల్లో తాగేస్తుందన్నమాట.

మార్చవలసినవి

1. పంపు: ఇంజక్షన్ పంపు పీడనం రకాన్నిబట్టి 30 నుంచి 60 పి.ఎస్.ఐ. దాకా ఉంటుంది. కార్బురేటరు సూది వాల్వు 4 నుంచి 7 వరకే ఓర్చుకుంటుంది. పాత పంపు అలాగే ఉంచితే వాల్వును తోసుకుని పెట్రోలు పొంగిపోతుంది. తక్కువ పీడనం పంపు తప్పనిసరి. అది కరెంటు పంపయితే, ఇంజను ఆగి ఆయిల్ పీడనం పడిపోగానే తనూ ఆగిపోయేలా స్విచ్చి ఉండాలి.

2. మానిఫోల్డు: కార్బురేటరు కూర్చునే మానిఫోల్డు వేరు. 1996 తరువాతి వోర్టెక్ హెడ్లకు 8 బోల్టులు, అంతకుముందు వాటికి 12. చూడకుండా కొంటే డబ్బు దండగ.

3. స్పార్కు: చాలామంది మరచేది ఇదే. ఆ కంప్యూటరు పెట్టె పెట్రోలునే కాదు, స్పార్కు ఎప్పుడు పడాలో కూడా నిర్ణయిస్తుంది. దాన్ని తీసేస్తే వేగాన్నిబట్టి స్పార్కును ముందుకు జరిపే డిస్ట్రిబ్యూటరు పెట్టాలి.

4. పాత పైపులు: ట్యాంకుకు తిరిగి వెళ్ళే పైపు ఉంటే దాని మూతి గట్టిగా బిగించాలి.

అసలు ప్రమాదం

కారుకు అడుగున ఖాళీ ఉంటుంది, కారిన పెట్రోలు రోడ్డు మీద పడి ఆరిపోతుంది. పడవ అడుగు మూసిన గిన్నె. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, ఇంజను కింది పల్లంలో పేరుకుంటుంది. గాలిలో ఒకటిన్నర శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలిపోతుంది. మా గట్టు మీద వీచిన గాలి అక్కడ లేదు.

అందుకే కారు కార్బురేటరు చవకగా దొరికినా పడవకు పనికిరాదు. పడవ కార్బురేటరులో గిన్నె పొంగితే పెట్రోలు బయట కారకుండా ఇంజను గొంతులోకే పోయేలా గొట్టం వంచి ఉంటుంది. పైన మంటను ఆపే జాలీ ఉంటుంది. డిస్ట్రిబ్యూటరు, స్టార్టరు సైతం నిప్పురవ్వ బయటికి పోనివ్వని పడవ రకమే ఉండాలి. స్టార్టు చేసే ముందు నాలుగు నిమిషాలు ఫ్యాను తిప్పి ఆవిరిని బయటికి తోలడం అక్కడి పద్ధతి.

ఇంకొక మాట. డీజిల్ ఇంజనుకు ఈ మార్పు వర్తించదు. అందులో స్పార్కు ప్లగ్గే లేదు. అణచిన గాలి వేడికే నూనె మండుతుంది. అమెరికాలో 2010 మోడలు నుంచి పడవల పెట్రోలు ఇంజన్లకు పొగ నిబంధనలు బిగించారు. అలాంటి ఇంజను సామగ్రిని మార్చడం చట్టరీత్యా చిక్కు.

నా అభిప్రాయం

మార్చవచ్చును. కాని ముందు బ్యాటరీ, ఎర్తు తీగలు, తుప్పుపట్టిన కనెక్షన్లు, ఫిల్టరు చూసుకోవాలి. చాలాసార్లు తప్పు అక్కడే ఉండి, నింద కంప్యూటరు పెట్టె మీద పడుతుంది. మా ఇంజను విషయంలోనూ అంతే. కొత్త కార్బురేటరు కొనమని బజారులో చెప్పారు. నాన్న సూది వాల్వు ఊడదీసి కడిగాడు. నారుమడి బతికింది.

నాన్న బెర్నౌలీ పేరు వినలేదు. నేను బెర్నౌలీ సూత్రానికి మార్కులు తెచ్చుకున్నాను గాని, ఆ రోజు అగ్గిపెట్టె లాక్కోవాలని నాకు తోచలేదు. మిత్రులారా, పుస్తకంలోని పాఠమూ, గట్టు మీది పాఠమూ ఒక్కచోట కలిసినప్పుడే మన చదువు చదువవుతుంది.