కరెంటు లెక్కలకు దారి: బల్బు నుంచి బోరు మోటారు దాకా



విద్యుత్తు పాఠంలోని లెక్కలంటే చాలామందికి జంకు. సూత్రాలు కంఠతా వస్తాయి. కాని బొమ్మలో నిరోధాలు కాస్త అటూ ఇటూగా కనిపిస్తే చాలు, ఏ సూత్రం ఎక్కడ వేయాలో తోచదు. ఈ లెక్కలు పరీక్ష కోసం ఎవరో కల్పించినవని కూడా కొందరు అనుకొంటారు. అది నిజం కాదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూడండి. పొలాల్లో బోరు మోటార్లు, ఊళ్లలో రైసు మిల్లులు, ఆళ్లగడ్డలో శిల్పులు రాతిని కోసే మిషన్లు కనిపిస్తాయి. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక విద్యుత్ వలయమే. లెక్క తప్పితే పరీక్షలో పోయేది రెండు మార్కులు. పొలంలో తప్పితే మోటారు కాలుతుంది, ఒక్కొక్కసారి మనిషి ప్రాణమే పోతుంది.

మూడు రాశులు, ఒక నియమం

వలయంలో ముఖ్యమైన రాశులు మూడు: వోల్టేజి, ప్రవాహం, నిరోధం. వీటి సంబంధాన్ని కనుగొన్నది జార్జి సైమన్ ఓమ్. ఆయన జర్మనీలో తాళాలు చేసే వృత్తివాని కుమారుడు, కొలోన్ నగరంలో బడిపంతులు. ఆనాటి విద్యుద్ఘటాల వోల్టేజి నిలకడగా ఉండేది కాదు. అందువల్ల ఆయన 1826లో రాగి, బిస్మతు లోహాలను అతికి, ఒక అతుకును మరుగుతున్న నీటిలోనూ మరొక దానిని మంచులోనూ ఉంచి, స్థిరమైన వోల్టేజి సంపాదించాడు. తీగ పొడవు మారుస్తూ ప్రవాహాన్ని కొలిచాడు. 1827లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా ప్రకటించాడు. మొదట దానిని పెద్దగా ఎవరూ ఆదరించలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది.

ఆ నియమం ఇది:

వోల్టేజి = ప్రవాహం × నిరోధం

వోల్టేజిని వోల్టులలో, ప్రవాహాన్ని ఆంపియర్లలో, నిరోధాన్ని ఓములలో కొలుస్తాం. దీనికి తోడుగా మరొకటి గుర్తుంచుకోండి:

సామర్థ్యం = వోల్టేజి × ప్రవాహం

దీనిని వాట్లలో కొలుస్తాం. ఈ రెండూ చేతిలో ఉంటే హైస్కూలు లెక్కలలో చాలా భాగం చేయవచ్చు.

కాలువ చెప్పే పాఠం

సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని తీసుకొని నంద్యాల ప్రాంతం మీదుగా కడప వైపు సాగే కర్నూలు–కడప కాలువ మీలో చాలామందికి తెలుసు. కాలువ ఒక చోట రెండు పాయలుగా చీలిందనుకొందాం. రెండు పాయలలో పోయే నీటిని కలిపితే, చీలికకు ముందు వచ్చిన నీటికి సమానం కావాలి. విద్యుత్తులోనూ ఇంతే. ఒక కూడలికి వచ్చే ప్రవాహాల మొత్తం, అక్కడి నుంచి వెళ్లే ప్రవాహాల మొత్తానికి సమానం. 1845లో ఈ మాటను నియమంగా చెప్పిన కిర్కాఫ్ అప్పటికి 21 ఏళ్ల విద్యార్థి! వలయం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వస్తే, ఘటం ఇచ్చిన వోల్టేజి అంతా నిరోధాల వద్ద తగ్గిన వోల్టేజిల మొత్తానికి సమానమని ఆయన రెండవ నియమం.

అయితే పోలికకు ఒక హద్దు ఉంది. కాలువ నీరు దారిలో కొంత ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది. తీగలో విద్యుదావేశం అలా ఇంకిపోదు. మొదటి బల్బు కొంత కరెంటు తినేసి మిగిలినది రెండవ బల్బుకు వదులుతుందని అనుకోవడం విద్యార్థులు తరచు చేసే పొరపాటు. చీలిక లేని దారిలో ప్రవాహం అన్ని చోట్లా ఒక్కటే. దారిలో ఖర్చయ్యేది శక్తి, ఆవేశం కాదు.

లెక్క చేసే ఐదు మెట్లు

1. బొమ్మను మీ చేత్తో మళ్లీ గీయండి. వంకర తీగలను తిన్నగా చేయండి.

2. ఘటం ధన ధ్రువం వద్ద వేలు పెట్టి తీగ వెంట నడవండి. దారి చీలకుండా ఒకదాని తరువాత ఒకటి వచ్చే నిరోధాలు శ్రేణి సంధానంలో ఉన్నట్లు. ఒకే చోట విడిపోయి మళ్లీ ఒకే చోట కలిసే నిరోధాలు సమాంతర సంధానంలో ఉన్నట్లు.

3. ఫలిత నిరోధం కట్టండి. శ్రేణిలో నిరోధాలను కూడాలి. రెండు నిరోధాలు సమాంతరంగా ఉంటే వాటి లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించాలి.

4. ఘటం వోల్టేజిని ఫలిత నిరోధంతో భాగించి మొత్తం ప్రవాహం కనుక్కోండి. తరువాత వచ్చిన దారినే వెనక్కి వెళ్తూ ఒక్కొక్క నిరోధం వద్ద వోల్టేజి, ప్రవాహం రాయండి.

5. సరిచూడండి. ఘటం ఇచ్చిన సామర్థ్యం, నిరోధాలన్నీ తీసుకొన్న సామర్థ్యం సమానం కావాలి.

ఉదాహరణ: 12 వోల్టుల బ్యాటరీకి 2 ఓముల నిరోధం, దాని తరువాత సమాంతరంగా 6, 3 ఓముల నిరోధాలు కలిపారు. సమాంతర భాగం ఫలిత నిరోధం (6 × 3) ÷ (6 + 3) = 2 ఓములు. మొత్తం 2 + 2 = 4 ఓములు. ప్రవాహం 12 ÷ 4 = 3 ఆంపియర్లు. మొదటి నిరోధం వద్ద తగ్గే వోల్టేజి 3 × 2 = 6. మిగిలిన 6 వోల్టులు సమాంతర భాగానివి. కనుక 6 ఓముల నిరోధంలో 1 ఆంపియరు, 3 ఓముల నిరోధంలో 2 ఆంపియర్లు ప్రవహిస్తాయి. 1 + 2 = 3; కూడలి లెక్క సరిపోయింది. సామర్థ్యం చూడండి: బ్యాటరీ ఇచ్చింది 12 × 3 = 36 వాట్లు. నిరోధాలు తీసుకొన్నవి 18, 6, 12 వాట్లు, మొత్తం 36. ఇక జవాబు కోసం పుస్తకం చివరి పేజీ తిప్పనక్కరలేదు.

తిరునాళ్ల దీపాలు, ఇంటి దీపాలు

తిరునాళ్లలో, పెళ్లి పందిళ్లలో కట్టే పాతరకం సీరియల్ సెట్టులో 6 వోల్టుల చిన్న బల్బులు శ్రేణిలో ఉంటాయి. 230ని 6తో భాగిస్తే 38 పైచిలుకు వస్తుంది. అందుకే సుమారు 38 బల్బులను వరుసగా కలిపి నేరుగా ఇంటి కరెంటుకు పెట్టేవారు. ఒక బల్బు మాడితే దారి తెగి అన్నీ ఆరిపోతాయి.

ఇంటిలో అలా కుదరదు. వంటింటి దీపం ఆర్పితే చదువుకొనే గదిలో దీపం ఆరకూడదు కదా! కనుక ఇంటిలోని పరికరాలన్నీ సమాంతరంగా ఉంటాయి. ప్రతిదానికీ 230 వోల్టులు అందుతాయి. ఇక్కడ ఒక విశేషం గమనించండి. పరికరాలు పెరిగిన కొద్దీ ఫలిత నిరోధం తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి పరికరం కరెంటుకు ఒక కొత్త దారి. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.35 ఆంపియర్లు, 1500 వాట్ల హీటరు 6.52 ఆంపియర్లు తీసుకొంటాయి. రెండూ కలిస్తే దాదాపు 10.9 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు తీగ కరగడం సహజమే. అది చెడిపోవడం కాదు, తన పని తాను చేయడం. అక్కడ లావు రాగితీగ చుట్టితే ఫ్యూజు కరగదు, గోడలోని తీగ వేడెక్కి మంటలు లేస్తాయి.

శ్రేణి, సమాంతర సంధానాలు రెండూ కలిసి పనిచేసే చోటు మన దగ్గరే ఉంది. కర్నూలు, నంద్యాల జిల్లాల సరిహద్దులో గని, శకునాల గ్రామాల వద్ద 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. ఒక సౌరఘటం పనిచేసేటప్పుడు ఇచ్చేది సుమారు అర వోల్టు మాత్రమే. 72 ఘటాలను శ్రేణిలో కలిపి ఒక పలక చేస్తే 36 వోల్టులు. అటువంటి పలకలు 20 శ్రేణిలో ఉంటే 720 వోల్టులు. అటువంటి వరుసలను సమాంతరంగా కలిపితే ప్రవాహాలు కూడతాయి. వోల్టేజి కావాలంటే శ్రేణి, ప్రవాహం కావాలంటే సమాంతరం.

చివరి మోటారు ఎందుకు కాలుతుంది?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఉన్న మోటారు బాగా తిరుగుతుంది. లైను చివర ఉన్నది గుర్రుమని మూలుగుతుంది, కొన్నాళ్లకు కాలుతుంది. రైతు “చివరికి ఓల్టేజి రావడం లేదు” అంటాడు. ఆ మాట నిజమా?

లెక్క సులువు కావడానికి 230 వోల్టుల సింగిల్ ఫేజు మోటారు తీసుకొందాం. ట్రాన్స్‌ఫార్మరు నుంచి మోటారుకు 300 మీటర్లు. కరెంటు పోయేందుకు ఒక తీగ, తిరిగి వచ్చేందుకు ఒక తీగ; మొత్తం పొడవు 600 మీటర్లు. ఈ రెట్టింపు మరచిపోవడం వల్లనే చాలామంది లెక్క తప్పుతారు. అల్యూమినియం తీగ మధ్యచ్ఛేద వైశాల్యం 10 చదరపు మిల్లీమీటర్లు. అల్యూమినియం విశిష్ట నిరోధాన్ని బట్టి చూస్తే 1 మీటరు పొడవు, 1 చదరపు మిల్లీమీటరు వైశాల్యం ఉన్న తీగ నిరోధం సుమారు 0.028 ఓములు. కనుక మన తీగ నిరోధం

0.028 × 600 ÷ 10 = 1.68 ఓములు.

చూడటానికి ఎంతో చిన్న సంఖ్య. మోటారు 10 ఆంపియర్లు తీసుకొంటే తీగలో తగ్గే వోల్టేజి 16.8, మోటారుకు అందేది దాదాపు 213 వోల్టులు. పక్క పొలంవారు అదే లైను చివర అటువంటి మోటారు పెడితే ప్రవాహం 20 ఆంపియర్లు, తగ్గుదల 33.6, అందేది 196 వోల్టులు. మూడవది చేరితే అందేది సుమారు 180 వోల్టులు. తీగను వేడి చేయడంలో వృథా అయ్యే సామర్థ్యం 168, 672, 1512 వాట్లుగా పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపయితే నష్టం నాలుగు రెట్లు, మూడింతలయితే తొమ్మిది రెట్లు!

మోటారు బల్బులాగా వట్టి నిరోధం కాదు. వోల్టేజి తగ్గితే బల్బు తక్కువ కరెంటు తీసుకొని మసకగా వెలుగుతుంది. మోటారు అలా ఊరుకోదు. నీటిని పైకి తోడే బరువు అలాగే ఉంటుంది కనుక, దాన్ని మోయడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. దానితో తీగలో వోల్టేజి మరింత తగ్గుతుంది, చుట్ట వేడెక్కుతుంది, చివరికి కాలుతుంది. మోటారు స్టార్టు అయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు కావాలి. అందుకే లైను చివర మోటారు కదలలేక మూలుగుతుంది. రైతు మాట నిజమే, దానికి కారణం ఆ 1.68 ఓములు.

మందు కూడా లెక్కలోనే ఉంది. సామర్థ్యం మారకుండా వోల్టేజి పెంచితే ప్రవాహం తగ్గుతుంది. 2300 వాట్లను 230 వోల్టుల వద్ద పంపాలంటే 10 ఆంపియర్లు కావాలి. 11,000 వోల్టుల వద్ద 0.21 ఆంపియరు చాలు. అదే తీగలో నష్టం 168 వాట్ల నుంచి ఒక వాటులో పదవ వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. అందుకే శ్రీశైలం కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రాలు ఏడు ఉత్పత్తి చేసే విద్యుత్తును లక్షల వోల్టులకు పెంచి దూరాలకు పంపుతారు. 2000 తర్వాతి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్ పొలాలలో అధిక వోల్టేజి పంపిణీ పద్ధతి ప్రవేశపెట్టడానికీ ఇదే కారణం. 11,000 వోల్టుల లైనునే బోర్ల దగ్గరకు తెచ్చి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడతారు.

తడి చేతి లెక్క

మన శరీరమూ ఒక నిరోధమే. చర్మం తడిసి ఉంటే అది సుమారు 1000 ఓములకు పడిపోవచ్చు. 230 ÷ 1000 = 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణాలు కాపాడే లీకేజి బ్రేకరు 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు తెంచేటట్లు చేస్తారంటే 230 ఎంత ప్రమాదమో ఊహించండి. పొడి చర్మం నిరోధం చాలా ఎక్కువే, కాని 230 వోల్టుల ముందు దానినీ నమ్మరాదు. కనుక తడి మడిలో ఒట్టికాళ్లతో నిలబడి స్టార్టరు డబ్బా ముట్టుకోవద్దని ఇంట్లో పెద్దలకు చెప్పండి. చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా చూపించండి. మీరు చేసే ప్రయోగాలకు టార్చి సెల్లులు, టార్చి బల్బులు మాత్రమే వాడండి.

మీరే చేయండి

1. 6 ఓముల నిరోధాలు మూడు ఉన్నాయి. మూడింటినీ వాడి ఎన్ని వేర్వేరు ఫలిత నిరోధాలు పొందవచ్చు?

2. టార్చిలో 1.5 వోల్టుల సెల్లులు రెండు శ్రేణిలో ఉన్నాయి. ఒక్కొక్క సెల్లు అంతర్నిరోధం 0.5 ఓము, బల్బు నిరోధం 9 ఓములు. బల్బుకు అందే వోల్టేజి ఎంత?

3. ఆళ్లగడ్డలో ఒక శిల్పి కోత మిషనును 25 మీటర్ల రాగి వైరుతో వాడుతున్నాడు. తీగ వైశాల్యం 1 చదరపు మిల్లీమీటరు, ప్రవాహం 5 ఆంపియర్లు. 1 మీటరు పొడవు, 1 చదరపు మిల్లీమీటరు వైశాల్యం ఉన్న రాగితీగ నిరోధం 0.017 ఓము. వైరులో తగ్గే వోల్టేజి, వృథా అయ్యే సామర్థ్యం ఎంత? వైరును చుట్టగా ఉంచి వాడకూడదంటారు, ఎందుకు?

జవాబులు: 1. నాలుగు: 18, 9, 4, 2 ఓములు. 2. ప్రవాహం 0.3 ఆంపియరు, 2.7 వోల్టులు. 3. నిరోధం 0.85 ఓము, 4.25 వోల్టులు, 21.25 వాట్లు. చుట్టగా ఉంటే ఆ వేడి బయటకు పోలేక వైరు తొడుగు కరుగుతుంది.