పాత కౌబాయ్ సీరియల్‌తో ఒక చరిత్ర పాఠం

(7, 8, 9 తరగతుల విద్యార్థుల తల్లిదండ్రుల కోసం)

రాబోయే సెలవుల్లో మీ పిల్లలతో కలిసి చూడటానికి ఈ నెల ఒక పాత అమెరికన్ టీవీ సీరియల్‌ను సూచిస్తున్నాం. పేరు ‘గన్‌స్మోక్’. మొదట 1952లో రేడియో నాటకంగా మొదలైంది. 1955 సెప్టెంబరులో సీబీఎస్ టీవీకి వచ్చి, 1975 వరకు 635 ఎపిసోడ్లు నడిచింది. కథ జరిగేది 1870ల నాటి డాడ్జ్ సిటీలో. అది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉన్న చిన్న ఊరు. ఆరడుగుల ఏడంగుళాల జేమ్స్ ఆర్నెస్ ఆ ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్ మ్యాట్ డిలన్‌గా నటించారు.

తుపాకులు పేలే సీరియల్ పిల్లలకు చూపించడమేమిటి అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన సందేహమే. ఈరోజు ఫోన్లలో పిల్లలు ఆడే ఆటలతో పోలిస్తే ఇది చాలా నెమ్మది. అయినా వాళ్లను ఒంటరిగా వదిలేయకండి, పక్కనే కూర్చోండి. చూడటం అయ్యాక మీరు అడిగే ప్రశ్నలే అసలు పాఠం.

మొదటి ఎపిసోడ్‌తోనే మొదలుపెట్టండి. అందులో మన హీరో ఓడిపోతాడు. డ్యాన్ గ్రాట్ అనే వాడు డిలన్ కంటే వేగంగా తుపాకీ తీసి, ఆయన్ను చావు అంచుల దాకా తీసుకెళ్తాడు. కోలుకుంటున్నప్పుడు డిలన్ ఒక సంగతి గమనిస్తాడు. గ్రాట్ ఎప్పుడూ ఎదుటివాడికి బాగా దగ్గరగా వచ్చాకే కాలుస్తాడు. అంటే వేగం ఉంది గానీ దూరం నుంచి గురి లేదు. రెండోసారి డిలన్ వాణ్ణి దగ్గరికి రానివ్వడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆపి, “డిలన్ ఎందుకు గెలిచాడు?” అని అడగండి. చాలామంది “ఈసారి ఇంకా స్పీడుగా కాల్చాడు” అంటారు. తొందరపడి సరిచేయకండి, ఇంకోసారి చూడనివ్వండి.

తర్వాత చరిత్రలోకి రండి. కౌబాయ్ అంటే మొదట పశువుల కాపరి అని చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు. 1872లో రైలు మార్గం డాడ్జ్ సిటీకి చేరింది. టెక్సస్ నుంచి వేల పశువులను నెలల తరబడి నడిపించుకొచ్చి, ఇక్కడ అమ్మి, రైళ్లలో తూర్పు నగరాలకు పంపేవారు. అన్ని నెలల జీతం ఒక్కసారిగా చేతికొచ్చిన కుర్రాళ్లు, సారా దుకాణాలు, నడుముకు తుపాకులు. గొడవలు ఎందుకు వచ్చేవో వేరే చెప్పనక్కర్లేదు.

దానికి ఆ ఊరు చేసిన పని సీరియల్ చూసేవాళ్లు ఊహించనిది. ఊళ్లో తుపాకులు పట్టుకు తిరగడాన్నే నిషేధించారు. ఆ రోజుల్లో తీసిన ఒక ఫొటోలో నడివీధిలో నిలబెట్టిన నిషేధపు బోర్డు ఇప్పటికీ కనిపిస్తుంది. వచ్చినవాళ్ల దగ్గర తుపాకులు తీసుకుని భద్రపరచడం, తాగి తూలేవాళ్లను లాకప్‌లో పెట్టడం, అసలు మార్షళ్లకు రోజూ ఉండే పనులు ఇలాంటివే. ప్రమాదం కూడా అక్కడే ఉండేది. 1878 ఏప్రిల్‌లో డాడ్జ్ సిటీ మార్షల్ ఎడ్ మాస్టర్‌సన్ చనిపోయింది, తాగి ఉన్న ఒక కౌబాయ్ దగ్గర తుపాకీ తీసుకోబోయినప్పుడే.

ఇప్పుడు కొంచెం లెక్క. రాబర్ట్ డైక్‌స్ట్రా అనే చరిత్రకారుడు ‘ది క్యాటిల్ టౌన్స్’ అనే పుస్తకంలో, డాడ్జ్ సిటీతో కలిపి కాన్సస్‌లోని ఐదు పశువుల వ్యాపార పట్టణాల్లో 1870 నుంచి 1885 వరకు జరిగిన హత్యలను లెక్కపెట్టారు. మొత్తం 45. డాడ్జ్ సిటీకి బాగా చెడ్డ సంవత్సరం 1878, ఆ ఏడు ఐదు. ఎపిసోడ్‌కు ఒక్క శవం చొప్పున వేసుకున్నా సీరియల్ లెక్క 635 అవుతుంది. “అయితే టీవీ వాళ్లు అబద్ధం చెప్పారు” అని మీ అబ్బాయో అమ్మాయో వెంటనే తేల్చేస్తారు.

అప్పుడు రెండో ప్రశ్న వేయండి: ఆ ఊరి జనాభా ఎంత? సుమారు వెయ్యి. వెయ్యి మందిలో ఐదుగురు అంటే, లక్షకు ఎంత? ఐదు వందలు! తక్కువగా కనిపించిన అంకె ఒక్కసారిగా భయంకరంగా మారుతుంది. పశువులతో వచ్చిపోయే కౌబాయ్‌లను జనాభాలో కలపాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. కలిపితే రేటు తగ్గుతుంది. ఇంత చిన్న ఊరికి లక్షకు ఇంత అని రేటు కట్టవచ్చా అని చరిత్రకారులే వాదించుకున్నారు. శాతాల పాఠం ఇంత ఆసక్తిగా చెప్పే అవకాశం మళ్లీ దొరకదు, వదులుకోకండి.

మరొక ప్రశ్న, తెర మీద ఎవరు లేరు? ఆనాటి వెస్టర్న్ సీరియళ్లలో చట్టాన్ని నిలబెట్టే హీరోలు దాదాపు అందరూ తెల్లవారే. అసలు చరిత్రలో బాస్ రీవ్స్ ఉన్నారు. బానిసగా పుట్టి, 1875లో డిప్యూటీ యూఎస్ మార్షల్ అయిన నల్లజాతి అధికారి ఆయన. నేటి ఓక్లహోమా ప్రాంతంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేశారు. చదవడం రాయడం రాదు. అరెస్టు వారెంట్లను ఎవరిచేతనైనా చదివించుకుని, ఏ కాగితం ఎవరిదో గుర్తుపెట్టుకునేవారు. హత్య కేసులో సొంత కొడుకు మీద వారెంటు వచ్చినప్పుడు దాన్ని కూడా తానే తీసుకుని వెళ్లి అరెస్టు చేసి తెచ్చారు. ఇది చెప్పాక పిల్లలు కాసేపు మాట్లాడరు. ఏమనుకుంటున్నారో వాళ్లే చెప్పేదాకా ఆగండి.

ఇంట్లో తాతయ్య, నానమ్మ ఉంటే వాళ్లనూ పిలవండి. 1971లో కృష్ణగారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ థియేటర్లో చూసిన తరం వాళ్లది. తెలుగు హీరో కౌబాయ్ టోపీ పెట్టుకుంటే అప్పట్లో ఎలా అనిపించిందో పిల్లలు వాళ్లను అడిగి తెలుసుకోవచ్చు.

చివరగా ఒక కాగితం మీద రెండు గళ్లు గీయించండి. ఒకవైపు ‘సీరియల్లో చూసింది’, రెండోవైపు ‘నిజంగా జరిగింది’. ఎపిసోడ్‌కు మూడు విషయాలు రాస్తే చాలు. అట్లాస్‌లో అర్కాన్సా నది ఒడ్డున డాడ్జ్ సిటీని వెతికించండి. సెలవుల తర్వాత ఆ కాగితాన్ని సోషల్ టీచర్‌కు చూపించమనండి.