చలికాలంలో పెయ్యల మేపు: కంది చున్నీతో పొదుపు

పుష్యమాసంలో తాండూరు మార్కెట్ యార్డుకు కొత్త కంది రాక ఊపందుకుంటుంది. అందరి దృష్టీ క్వింటాలు ధరపైనే ఉంటుంది. అయితే దౌల్తాబాద్, కొడంగల్ ప్రాంతాల పాడి రైతులకు ఈ పంటలో మరొక ప్రయోజనం కూడా ఉంది. కల్లంలో మిగిలే కంది పొట్టు, పప్పు మిల్లుల్లో వచ్చే చున్నీ ఎదిగే పెయ్యలకు, పడ్డలకు అక్కరకు వచ్చే మేత. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించి గింజకు పేరు వచ్చింది. గింజ వెంట వచ్చే పొట్టును, చున్నీని కూడా విలువ కట్టి వాడుకోవడం రైతుకు లాభం.

దాణా తగ్గిస్తే మిగిలేదెంత?

కార్తీకం దాటేసరికి గట్ల మీది పచ్చిక ఎండిపోతుంది. పాలిచ్చే పశువుకు దాణా పెట్టి, పెయ్యను ఒట్టి చొప్ప మీద వదిలివేయడం చాలా ఇళ్లలో అలవాటు. పెయ్య ఇప్పుడు పాలివ్వదు గనుక ఇది పొదుపుగా తోస్తుంది. లెక్క చూస్తే సంగతి వేరు.

చక్కగా మేపిన సంకరజాతి పెయ్య రోజుకు 500 గ్రాముల వంతున 120 రోజుల్లో 60 కిలోలు పెరుగుతుంది. ఒట్టి చొప్పతో రోజుకు 200 గ్రాములే పెరిగిందనుకుంటే వచ్చేది 24 కిలోలు. తక్కువ పడిన 36 కిలోలు పూడాలంటే తరువాత మంచి మేతతో 72 రోజులు కావాలి. రోజుకు కిలో దాణా తగ్గించిన రైతుకు చలికాలంలో మిగిలేది 120 కిలోలు. ఎదిగిన పెయ్య రోజుకు 7 కిలోల మేత, దాణా తింటుందనుకుంటే ఆ 72 రోజులకు అయ్యే ఖర్చు 5 క్వింటాళ్లు. ఈత, పాలు కూడా అన్ని రోజులు వెనక్కి పోతాయి.

సంకరజాతి పెయ్య సుమారు 250 కిలోలు, ముర్రా పడ్డ 300 కిలోలు దాటిన తరువాతే కట్టించడం మంచిది. వయస్సు కన్నా బరువే ముఖ్యం.

చున్నీయా, చెక్కా?

చొప్పలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే. చున్నీలో 15 నుంచి 18 పాళ్లు, వేరుశనగ చెక్కలో 40 పాళ్లకు పైన ఉంటాయి. కనుక కిలో ధర ఒక్కటే చూసి కొనరాదు. మాంసకృత్తుల కోసమే అయితే, చెక్క ధర చున్నీ ధరకు రెండున్నర రెట్ల లోపు ఉన్నంత వరకు చెక్కే చవక. అంతకు మించితే చున్నీ వైపు మొగ్గాలి. చున్నీలోని పప్పు నూక బలాన్ని కూడా ఇస్తుంది గనుక రెండింటినీ కలిపి వాడడమే మేలు. ధరల తేడాను బట్టి పాళ్లు కొద్దిగా మార్చుకోవచ్చు.

కొనేటప్పుడు చున్నీని గుప్పిట పట్టి చూడాలి. పప్పు నూక, పిండి తక్కువగా ఉండి పొట్టే కనిపిస్తే దాని విలువ తగ్గుతుంది. మిల్లులు జోరుగా ఆడే రోజుల్లో ధర మెత్తబడినప్పుడు ఎండిన సరుకు కొని, బస్తాలను చెక్కల మీద, తేమ తగలని చోట పేర్చుకోవాలి.

దాణా మిశ్రమం

నూరు కిలోల దాణాకు పాళ్లు ఇవి: జొన్న లేక మొక్కజొన్న నూక 30, కంది చున్నీ 37, వేరుశనగ చెక్క 20, తవుడు 10, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. దీనిలో మాంసకృత్తులు సుమారు 18 పాళ్లు ఉంటాయి.

150 కిలోల పెయ్యకు రోజుకు ఈ దాణా కిలోన్నర, నరికిన జొన్న చొప్ప 2 నుంచి రెండున్నర కిలోలు, కంది పొట్టు ఒక కిలో సరిపోతాయి. బావి కింద లూసర్న్ ఉన్నవారు 5 కిలోల పచ్చిమేత వేసి, దాణా అరకిలో తగ్గించవచ్చు. చొప్పను నరికి వేస్తే వృథా తగ్గుతుంది.

వరిగడ్డి మీద ఆధారపడేవారు 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. మేపే ముందు కాసేపు ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టరాదు.

బరువు తెలుసుకునే తీరు

కాటా లేకపోయినా టేపుతో బరువు అంచనా కట్టవచ్చు. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం ఎముక నుంచి పిర్ర ఎముక వరకు పొడవును అంగుళాల్లో కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 50, పొడవు 40 అంగుళాలైతే బరువు సుమారు 151 కిలోలు. నెలకొకసారి కొలిచి రాసుకోవాలి. నెలకు 12 కిలోలైనా పెరగకుంటే మేపులో లోపం ఉన్నట్లే.

జాగ్రత్తలు

మేపు మార్చే ముందు పశువైద్యుని సలహాతో నట్టల మందు పట్టించాలి. పొట్టలో నట్టలుంటే పెట్టిన దాణా దండుగ. బూజు పట్టిన చెక్కను ఎంత చవకగా వచ్చినా కొనరాదు. కోసిన చేలలో మొలిచే లేత జొన్న పిలకలపైకి పెయ్యలను తోలరాదు. వాటిలోని విషం ప్రాణం తీస్తుంది. కొత్త దాణాను వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

కంది అమ్మి తాండూరు నుంచి తిరిగి వచ్చే బండి ఖాళీగా రాకుండా, ధర చూసుకుని నాలుగు బస్తాల చున్నీ వేసుకుని వస్తే ఆ ఖర్చు పెయ్య ఎదుగుదలలో తిరిగి వస్తుంది.